మా అన్న రాబట్టిన సూత్రాలు

లెక్కలు అందరూ చేస్తారు. నేను పాడేదాన్ని.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. సిద్దిపేటలో మేము కిరాయికున్న ఇంటి మీద చిన్న దాబా ఉండేది. ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివిన రెండేళ్లూ పొద్దున్నే ఆ దాబా ఎక్కి నేను చేసిన పని ఒక్కటే. పుస్తకంలో ఉన్న డెరివేషన్లన్నిటినీ బతుకమ్మ పాట వరసలో పెట్టి, చప్పట్లు కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ పాడుకోవడం. డెరివేషన్ అంటే ఒక సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో మెట్టు మెట్టుగా రాబట్టి చూపించడం. పరీక్షలో పెద్ద మార్కులన్నీ వాటికే. మా కాలేజీలో అందరూ వాటిని బట్టీ పట్టేవారు. పొద్దుటి పూట ఏ గల్లీలోకి వెళ్లినా ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతూ "కావున, కావున" అని వల్లె వేస్తుండేవారు. వాళ్లకంటే నేను కొంచెం తెలివిగలదాన్నని నా నమ్మకం. చిన్నప్పటి నుంచి బతుకమ్మ ఆడినదాన్ని. ఒకసారి పాడిన పాట మళ్లీ మరిచిపోయే ప్రసక్తి లేదు. మరి సూత్రాన్నే పాట చేసేస్తే పోలేదా?

చివరి వేగమెంత ఉయ్యాలో
మొదటి వేగముంచి ఉయ్యాలో
త్వరణాన్ని కాలంతొ ఉయ్యాలో
గుణియించి కలపాలె ఉయ్యాలో

చలన సమీకరణాల్లో మొదటిది ఇది. నవ్వేవాళ్లు నవ్వండి. ఇట్లాంటివి దాబా నిండా పాడాను. ఏదైనా మెట్టు వరసలో ఇమడకపోతే సాగదీసేదాన్ని, మరీ పొడుగైతే రెండు చప్పట్ల మధ్య ఇరికించేదాన్ని. లోపల ఏముందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. గుళ్లో అయ్యగారు చదివే మంత్రానికి అర్థం ఎవరడుగుతారు? చేతిలో ప్రసాదం పడితే చాలు అనుకునే రకం నేను.

మా అన్న తీరు నాకు పూర్తిగా వ్యతిరేకం. నాకంటే రెండేళ్లు పెద్ద. ఇంట్లో మేమిద్దరమే పిల్లలం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు పశువుల దవాఖానలో కాంపౌండరు. నిజాం కాలంలో ఉర్దూలో మిడిల్ దాకా చదివాడు. రేఖాగణితం అంటే ఆయనకు ఇష్టం. అన్న చిన్నగా ఉన్నప్పుడు నేల మీద బొగ్గుతో త్రిభుజాలు గీసి, "ఫర్జ్ కరో" అని మొదలుపెట్టేవాడు. అంటే "ఇట్లా అనుకో" అని. అట్లా అనుకుని, దానిమీద ఇంకోటి అనుకుని, ఒక్కొక్కటే తేల్చుకుంటూ చివరికి వెళ్లడం అన్నకు అక్కడే అంటుకుంది. నాకు అంటలేదు. బాపు త్రిభుజం గీయగానే నాకు అవ్వ వంటింట్లో ఏం చేస్తున్నదో చూడాలనిపించేది.

అన్నకు ఒక జబ్బు ఉండేది. దాన్ని జబ్బనే అనేవాళ్లం మేము. తాను రాబట్టని సూత్రాన్ని వాడడు. పుస్తకంలో అచ్చయి ఉంటుంది, సార్ బోర్డు మీద రాసి చుట్టూ డబ్బా గీసి ఉంటాడు, దేశమంతా వాడుతుంటుంది. వీడు మాత్రం వాడడు. మొదటి నుంచి తానే రాబట్టుకుని, అప్పుడు దాంతో లెక్క చేస్తాడు. నిన్న రాబట్టిందే అయినా ఇవాళ మళ్లీ రాబడతాడు.

"పుస్తకంల ఉన్నది గదన్నా, వాడుకోరాదా?" అంటే ఒకటే జవాబు.

"ఎవలిదో అంగి నేనెట్ల తొడుక్కుంట చెల్లె? నాకు కొలత వెట్టి కుట్టిందే నాకు."

నేను పదో తరగతిలో ఉన్నప్పటి మాట. వర్గ సమీకరణాలకు ఒక సూత్రం ఉంది. మైనస్ బి తో మొదలై, పైన వర్గమూలం గుర్తు, కింద రెండు ఏ లతో చూడడానికే భయపెట్టే సూత్రం. అది ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. నాకెందుకు? వాడే చెబుతానని నన్ను పట్టుకుని వాకిట్లో కూర్చోబెట్టాడు. అవ్వ ముగ్గు డబ్బా తెచ్చి, తుడిచిన నేల మీద ఒక చదరం పోశాడు.

"గిది చదరం. దీని పక్క ఎంతనో మనకు తెల్వది. తెల్వదు గనుక ఎక్స్ అన్నం. సరేనా?"

"సరే."

చదరాన్ని ఆనుకుని ఒక పొడుగు పట్టీ పోశాడు. "గిది ఇంకో ముక్క. రెండు కలిపితే ఎంతనో లెక్కల ఇచ్చిన్రు. కానీ గిట్ల వంకరగ ఉంటె పక్క ఎంతనో ఎట్ల తెలుస్తది? అందుకే గీ పట్టీని నిలువుగ చీరిన." వేలితో పట్టీ మధ్యన గీత లాగాడు. ఒక సగాన్ని చెరిపేసి చదరానికి కింది పక్కన మళ్లీ పోశాడు. "ఒక సగం గీడ, ఒక సగం గాడ. ఇప్పుడు చూడు. పెద్ద చదరం అయినట్టే ఉన్నది గదా? ఏం తక్కువున్నది?"

"మూల," అన్నాను. గుడ్డివాడికైనా కనిపిస్తుంది. ఒక మూల చిన్న గడి ఖాళీగా ఉంది.

వాడి మొహం అప్పుడు చూడాలి. "గా మూల నింపు. గంతే! సూత్రం మొత్తం గా మూలలనే ఉన్నది. ఎవడు కనిపెట్టిండో గాని, వాని కాళ్లు మొక్కాలె."

"అయితే పరీక్షకు ముగ్గు డబ్బ తీస్కపోతవా?" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. అవ్వ బయటికొచ్చి ముగ్గంతా ఖరాబు చేశారని ఇద్దరినీ కలిపి తిట్టింది. నాకు ఆ క్షణంలో ఏదో వెలిగిన మాట నిజం. కానీ వెలిగినదాన్ని అక్కడే వాకిట్లో వదిలేసి లోపలికి వెళ్లిపోయాను. ఆ సాయంత్రమే ఆ సూత్రాన్ని పాటలో పెట్టాను. "నాలుగు ఏసీలు ఉయ్యాలో" అని ఒక చరణం చాలా బాగా కుదిరింది.

ఇంకోసారి లోలకం డెరివేషన్లో చిన్న కోణం దగ్గర ఆగాడు. కోణం చిన్నదైతే వంపును తిన్నటి గీతగా తీసుకోవచ్చని పుస్తకంలో ఒక్క ముక్కలో రాసి దాటేశారు. ఎందుకు తీసుకోవచ్చు? రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా తిరిగాడు. అవ్వ పగిలిన గాజు పారేయబోతుంటే లాక్కుని, నాకు చూపించాడు. గాజు గుండ్రంగా ఉంటుంది కదా. పెద్ద ముక్క వంకరగా ఉంది. చిటికెన గోరంత ముక్క మాత్రం తిన్నగానే ఉన్నట్టుంది. "చిన్నగ విరగ్గొట్టుకుంట పోతె వంపు అన్నదే పోతది చెల్లె!" అని ఆ గాజు పెంకులు జేబులో వేసుకుని తిరిగాడు. జేబు చిరిగినందుకు మళ్లీ తిట్లు.

వాడు కోరింది పెద్దదేమీ కాదు. ఇంటర్ కాగానే మా ఊరి డిగ్రీ కాలేజీలోనే బీఎస్సీ లెక్కలు. ఆ తర్వాత ఎట్లాగో హైదరాబాదు వెళ్లి ఎమ్మెస్సీ లెక్కలు. బతుకంతా లెక్కలు రాబట్టుకుంటూ, ఎవరికైనా చెప్పుకుంటూ ఉండటం. దానికి అడ్డం ఒక్కటే, ఇంటర్ రెండో ఏడు లెక్కల పేపరు. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాడు. లెక్కల్లో ఫెయిలయ్యాడు.

అవును, లెక్కల్లోనే.

ఎట్లా ఫెయిలయ్యాడో చెప్తే మీకు నవ్వొస్తుంది. మాకు మొదటిసారి నవ్వే వచ్చింది. పేపరు మూడు గంటలు. మొదటి ప్రశ్న చూస్తాడు. దానికొక సూత్రం కావాలి. ఆ సూత్రం రాబట్టడానికి ఇంకో రెండు కావాలి. వాటిని కూడా రాబడతాడు. ఒక ప్రశ్నకు జవాబు రాసేసరికి మూడు కాగితాలు. గంట కొట్టి పేపర్లు లాక్కునేటప్పటికి వాడు ఇంకా నాలుగో ప్రశ్నలో ఉంటాడు. రాసినవాటిలో ఒక్క తప్పు ఉండదు. రాయనివి సగానికి పైన.

"ఎట్ల రాసినవ్ రా?" అని బాపు గేటు దగ్గరే అడిగితే, "మంచిగ రాసిన బాపూ, మూడూ మొదటి నుంచి రాసిన," అన్నాడు. వాడి లెక్క ప్రకారం అది నిజంగా మంచిగా రాయడమే.

సెప్టెంబరు పరీక్షలోనూ అంతే. తర్వాతి మార్చిలోనూ అంతే. ప్రతిసారీ మనసులో గట్టిగా అనుకుని వెళ్లేవాడు, ఈసారి నేరుగా సూత్రం రాసేస్తానని. హాల్లో కూర్చున్నాక చెయ్యి ఒప్పుకోదు. వాళ్ల లెక్చరరు సార్ ఒకసారి దవాఖానకు తన గేదెను తోలుకొచ్చి బాపుతో అన్నాడట: "నీ కొడుకు దిమాక్ ఉన్నోడే. నాకంటె మంచిగ చెప్తడు. కానీ గడియారం ముందట ఓడిపోతుండు. జర బట్టీ కొట్టుమను." బాపు ఇంటికొచ్చి మొదటి సగం రెండుసార్లు చెప్పాడు. రెండో సగం అవ్వ చెప్పింది.

కాలం ఎవరి కోసమూ ఆగదు, నా కోసం కూడా ఆగలేదు. నేను ఇంటర్లో చేరాను. రెండో ఏడుకు వచ్చాను. చూస్తుండగానే అన్నా నేనూ ఒకే మార్చిలో ఒకే లెక్కల పేపరు రాయాల్సి వచ్చింది. చుట్టాలు ఊరుకుంటారా? "ఏంది, అన్నా చెల్లె ఒక్క క్లాసేనా?" అని అడిగేవారు. అవ్వ ఏదో సర్ది చెప్పేది. అన్న మాత్రం సిగ్గుపడకుండా నాకు చెప్పడానికి కూర్చునేవాడు. ఏ పాఠమైనా వాడు చెప్తే నీళ్లు తాగినంత సులభంగా ఉండేది. విని, బాగుందని, పైకెళ్లి పాడుకునేదాన్ని.

ఫలితాలు అప్పుడు పేపర్లో వచ్చేవి. పాసైన వాళ్ల హాల్ టికెట్ నంబర్లు మాత్రమే వేసేవారు. బస్టాండు దగ్గర పేపరు కొని బాపు అక్కడే నిలబడి చూశాడు. నా నంబరు ఫస్టు క్లాసులో ఉంది. అన్న నంబరు ముందు నంబరు ఉంది, వెనక నంబరు ఉంది. బాపు ఆ రెంటి మధ్య వేలు పెట్టి చాలాసేపు చూశాడు, అచ్చులో తప్పు పడిందేమో అన్నట్టు. ఇంటికొచ్చి నాతో, "మంచిగ పాసైనవ్ బిడ్డా," అని, కాళ్లు కడుక్కోకుండానే మంచంలో కూర్చున్నాడు.

అవ్వ కడుపులో ఉన్నదంతా ఆ రోజు బయటపడింది. "చెల్లెకు నువ్వే చెప్తివి. అది పాసాయె, నువ్వు ఫెయిలైతివి. చదవేస్తె ఉన్న మతి పోయిందన్నట్టు. దానికున్న తెలివి నీకు లేకపాయె. మీ బాపుకు ఎన్నేండ్ల నౌకరి ఉన్నదనుకున్నవ్? ఇంటర్ పాసైతె ఎక్కడన్న పనిల వెడ్తరు. ఫెయిలైనోన్ని ఎవలు వెడ్తరు?" అంటూ ఏడ్చింది. అన్న గోడకానుకుని విన్నాడు. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు.

మరునాడు నేను దాబా మీద బట్టలు ఆరేస్తుంటే పైకొచ్చాడు. తీగ పట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లె, గా పాట నాకు గూడ నేర్పుతవా?"

ముందు వెక్కిరిస్తున్నాడనుకున్నాను. మొహం చూస్తే కాదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎప్పుడూ వాడు చెప్పడం, నేను వినడం. ఇప్పుడు నా దగ్గర వాడికి పనికొచ్చేది ఒకటుంది. మా అన్నను నేను పాస్ చేయిస్తాను. బాపు మంచంలోంచి లేస్తాడు, అవ్వ ఏడుపు ఆగుతుంది, అన్న బీఎస్సీలో చేరుతాడు. అన్నీ నా పాట వల్లే.

ఆ రోజు నుంచే మొదలుపెట్టాం. చాప మీద ఎదురెదురుగా కూర్చుని చప్పట్లు. మగపిల్లవాడికి బతుకమ్మ చప్పట్లు అంత తొందరగా రావు. చేతులు ఒక దిక్కు, నోరు ఒక దిక్కు పోయేవి. కింద మా పక్క వాటాలో ఇంటి ఓనరు ఉండేది. ముసలి తురకామె, మమ్మల్ని సొంత పిల్లల్లాగే చూసేది. మెట్ల దగ్గర నిలబడి అరిచింది: "ఏంది బేటా, బతుకమ్మ ఇప్పుడే వచ్చిందా? పూలు లేవు, ఏం లేవు!" ఇద్దరం నవ్వలేక చచ్చాం. ఆ కొద్ది రోజులూ నాకు ఇప్పటికీ తియ్యగానే గుర్తున్నాయి. అదే నా బాధ.

కష్టమంతా పాటతో కాదు, వాడి ఆగడంతో. మూడో చరణంలోనో నాలుగో చరణంలోనో చప్పట్లు ఆగిపోయేవి.

"ఆగు, గీడ ఎందుకు గిట్లయింది?"

"ఎందుకు అనద్దు. పాడు."

"కాదు చెల్లె, మధ్యల ఒక మెట్టు ఎగిరిపోయింది. చూడు—"

"వరసకు అడ్డమొచ్చింది, నేనే తీసిన. పరీక్షల అడగరు. పాడు!"

చివరికి ఒక నియమం పెట్టాను. దాబా మీద "ఎందుకు" అన్న మాట అనకూడదు. అంటే నెత్తి మీద ఒక మొట్టికాయ. నేనే మొట్టేదాన్ని, నాకు చాలా సరదాగా ఉండేది. మొదట్లో రోజుకు ఎన్నో తినేవాడు. తర్వాత తర్వాత తగ్గాయి. నోరు తెరిచి, నా చెయ్యి లేవడం చూసి, మూసుకునేవాడు. వర్షాలు పడేసరికి నాకు మొట్టే పనే లేకుండా పోయింది. నా విద్యార్థి దారికొచ్చాడని అవ్వకు గొప్పగా చెప్పుకున్నాను. అవ్వ నాకు ఆ రోజు సర్వపిండి ఇంకొకటి వేసింది.

సెప్టెంబరు పరీక్ష ముందు ఒక పొద్దున మొత్తం పాట మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా పాడాడు. ఒక్క మెట్టు తప్పలేదు.

"చెల్లె, ఇప్పుడు నేనేం పాడిన్నో నాకు తెల్వదు. కానీ అంత కరెక్టే వచ్చింది గదా?"

"కరెక్టే!" అని నేను చప్పట్లు కొట్టాను. వాడి మాటలో మొదటి సగం నా చెవిన పడనే లేదు.

పాసయ్యాడు. ఊరికే కాదు, మంచి మార్కులతో పాసయ్యాడు. చివరి గంట కొట్టకముందే లేచి పేపరిచ్చి వచ్చాడు. బాపు జిలేబీ తెచ్చి మా వాడలో అందరికీ పంచాడు. కింద ముసలామె వాడి నుదురు మీద మెటికలు విరిచి దిష్టి తీసింది. నేను ఎవరెస్టు ఎక్కినదానిలా ఇల్లంతా తిరిగాను. వాడు అందరికీ నవ్వుతూనే జవాబు చెప్పాడు. ఎవరో "ఇగ బీఎస్సీనా?" అంటే తల ఊపాడు.

కాలేజీలు తెరవడానికి ఇంకా చాలా నెలలున్నాయి. ఊరికే ఉండటమెందుకని బాపు తెలిసినవాళ్లతో చెప్పించి కరెంటాఫీసులో తాత్కాలికంగా బిల్లులు రాసే పనికి పెట్టించాడు. వాడు పొద్దున అన్నం డబ్బా కట్టుకుని వెళ్లేవాడు, సాయంత్రం వచ్చి అన్నం తిని పడుకునేవాడు. పుస్తకాలు అటక ఎక్కాయి. అలసిపోతున్నాడు కదా, డిగ్రీలో చేరాక చూసుకుంటాడులే అనుకున్నాం.

జూన్‌లో డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయి. నేను పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. వాడు చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ, "వద్దు తియ్యి," అన్నాడు.

"ఏంది వద్దు? లెక్కలే గదా నీకు పానం?"

"ఉండె."

ఆ ఒక్క మాట విని కూడా నాకు అర్థం కాలేదు. ఫీజుల గురించి బాపు చూసుకుంటాడని, ఆఫీసు పని సాయంత్రాలు చేసుకోవచ్చని ఏదేదో చెప్పాను. వాడు విసుక్కోలేదు. ఓపికగా విని, నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"మొన్న ఆదివారం కూసున్న చెల్లె. గా చదరం లెక్క ఉండె గదా, గదే మల్ల మొదటి నుంచి రాబడదామని. కాగితం మీద చదరం గీసిన. గీయంగనే నోట్లకు పాటొచ్చింది. ఆపుదామంటె ఆగుతలేదు. చివరి దాంక పోయింది. చివరి దాంక తెలిసినంక ఇంగ రాబట్టేదేమున్నది? చెయ్యి కదలలే."

"మెల్లగ మల్ల వస్తది," అన్నాను.

"డిగ్రీల గూడ గట్లనే ఉంటది. పాట పెద్దగుంటది, గంతే. పాడుడే అయితె గీ నౌకరి ఏం తక్కువ?" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ఆ నవ్వులో నా మీద కోపం వెతికాను. ఎక్కడా లేదు. ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనిపించింది.

వాడు కరెంటాఫీసులోనే పర్మినెంటయ్యాడు. బీఎస్సీ లెక్కలు చదివింది నేను. పాడుకుంటూ చేరాను, పాడుకుంటూ పాసయ్యాను, బీఎడ్ చేసి నంగునూరు దిక్కు ఒక హైస్కూల్లో లెక్కల టీచరునయ్యాను. రోజూ సిద్దిపేట నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. పాఠం చెప్పడం మొదలుపెట్టాక గాని నా బండారం నాకు తెలియలేదు. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, గిది ఎందుకు గిట్ల?" అని అడిగింది. నాకు పాట మొత్తం వచ్చు. ఎందుకో మాత్రం రాదు. రేపు చెప్తానని తప్పించుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మా అన్న ఏం చెప్పాడో గుర్తు చేసుకున్నాను. వాకిట్లో పోసిన చదరం, చీరిన పట్టీ, ఖాళీగా ఉన్న మూల. మరునాడు బోర్డు మీద అదే గీశాను. "ఏం తక్కువున్నది?" అని అడిగితే క్లాసంతా ఒక్కసారే "మూల!" అని అరిచింది. నాకు ఏడుపొచ్చి బోర్డు వైపు తిరిగాను. అంత మంది పిల్లల గొంతు వినాల్సినవాడు ఆ సమయానికి మీటరు రీడింగులు కూడుతూ కూర్చుని ఉన్నాడు.

అట్లా వాడు నాకెప్పుడో చెప్పినవన్నీ ఒక్కొక్కటే తవ్వుకుని పిల్లలకు చెబుతూ వచ్చాను. కొన్ని గుర్తొచ్చాయి. చాలా రాలేదు. సగం వినకుండా పైకి పారిపోయినదాన్ని, ఎట్లా వస్తాయి? వాడిని అడుగుదామంటే ధైర్యం చాలలేదు. పండగలకు పబ్బాలకు కలిసినా ఇంటి సంగతులు, పిల్లల సంగతులు. లెక్కల మాట మా మధ్య ఎప్పుడు పోయిందో పోయింది.

తొంభైలు చివరికొచ్చాయి. ఒక ఆదివారం గట్టిగా అనుకుని వాళ్లింటికి వెళ్లాను. ఈ రోజు చెప్పాలి, వాడి చదరం నా బడిలో పిల్లలందరికీ వచ్చని. మిగిలినవి కూడా చెప్పమని అడగాలి. వాడికి మళ్లీ ఆశ పుట్టవచ్చు. మనిషి ఉన్నన్నాళ్లు లెక్క ఎక్కడికి పోతుంది అనుకున్నాను. వదిన వంటింట్లో ఉంది. అన్న ముందు గదిలో కుర్చీలో కూర్చుని కూతురితో చదివిస్తున్నాడు. పిల్ల కాన్వెంటులో ఐదో తరగతి. నేల మీద బోర్లా పడుకుని, కాళ్లు గాలిలో ఆడిస్తూ రాసుకుంటోంది. త్రిభుజం వైశాల్యం సూత్రం.

"హాఫ్ ఇంటూ బేస్ ఇంటూ హైట్," అన్నాడు అన్న. "పదిసార్లు రాయి."

పిల్ల రెండుసార్లు రాసి పెన్సిలు నోట్లో పెట్టుకుంది. "డాడీ, హాఫ్ ఎందుకు?"

ఐదో తరగతి పిల్ల అడగాల్సిన ప్రశ్న, వాడికి దొరకాల్సిన ప్రశ్న. ఒక కాగితం తీసి మూల నుంచి మూలకు మడిస్తే చాలు, రెండు త్రిభుజాలు కళ్ల ముందుంటాయి. అదీ వాడు చెబితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వాడి మొహం వైపు చూశాను.

"హాఫ్ అంటే హాఫే. రాసుకో," అన్నాడు.

"కానీ ఎందుకు?"

"ఎందుకు అనద్దు బిడ్డా. రాసుకో."

ఉండబట్టలేక, "అన్నా, నీకు తెల్సు గదా. చెప్పరాదా?" అన్నాను.

వాడు నావైపు తిరిగాడు. అప్పుడే అక్కడక్కడ తెల్లబడిన మీసం, అలసిన కళ్లు. గొంతు తగ్గించి చెప్పాడు. "తెల్సు చెల్లె. మర్చిపోలే. చెప్తె దీనికి గూడ నాకొచ్చిందే వస్తది. ఇగ ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని కూసుంటది. నేను ఎన్నిసార్లు ఫెయిలైన్నో నీకు ఎర్కలేదా? అవ్వ ఏడుపు నువ్వు చూడలేదా?" తర్వాత కూతురి తల నిమిరి, పూర్తి మనసుతో, ఏ దాపరికమూ లేకుండా అన్నాడు. "మీ అత్త లేకుంటె నేను ఎక్కడుందునో. అత్తనే నన్ను పాస్ చేయించింది. అత్త నాకెట్ల నేర్పిందో నేను నీకు గట్లనే నేర్పుతున్న."

పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని నావైపు చూసింది. లెక్కల టీచరును కదా, వాళ్ల నాన్నను పాస్ చేయించినదాన్ని కదా.

"అత్తా, నువ్వు చెప్పు. హాఫ్ ఎందుకు?"

అన్న నన్ను చూస్తూ మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఆ కళ్లలో బతిమాలడం ఉంది. వాడు నన్ను జీవితంలో ఇంతకుముందు ఒకే ఒక్కసారి, దాబా మీద, ఒకటి అడిగాడు. అప్పుడు సంతోషంగా ఇచ్చాను.

"హాఫ్ అంటే హాఫే బిడ్డా," అన్నాను. "నాయిన చెప్పినట్టు రాసుకో."

పిల్ల మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, రాసుకుంది.